గ్రహణచ్ఛాయయు, ఇనుప అయాన్లును

ఆదోని కోటను, ప్రత్తి వ్యాపారమును, ఎమ్మిగనూరు మగ్గములను పలువురు ప్రస్తుతింతురు. కాని ఈ సీమకు పొరుగుననే రెండు పర్యాయములు చంద్రచ్ఛాయ సాగిపోయి, సూర్యతత్త్వజ్ఞానమును ముందునకు నడిపించిన వృత్తాంతమును సైతము మనము స్మరింపవలసియున్నది.

ఆదోని యింకను బళ్లారి మండలములో నున్న కాలమున, 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున, సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ బీజాపూరు సీమనుండి తూర్పుగా సాగి, గుంటూరు, మచిలీపట్టణములను దాటి సముద్రమును జేరెను. గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణదర్శినితో సూర్యుని యంచునందలి శిఖలను పరీక్షించి, అవి జ్వలించు వాయువులని గ్రహించెను. మచిలీపట్టణమున ఖగోళజ్ఞుడు పోగ్సన్ వర్ణపటమునందు గుర్తించిన పసుపుగీత, అనంతరము ఇంగ్లండున లాకియర్ చేసిన పరిశీలనలతో గూడి, హీలియమను మూలకమునకు దారి చూపెను. మఱుసటియేట అమెరికాలోని గ్రహణమున సూర్యకిరీటమందు కనబడిన ఆకుపచ్చగీత మాత్రము డెబ్బదియేండ్లు ఎవరికిని అంతుపట్టలేదు.

1920లో మేఘనాద్ సాహా, వేడిమినిబట్టి నక్షత్రవాయువులందలి పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోయి అయాన్లగు విధమును సూత్రబద్ధము గావించెను. ఆదోని జిన్నింగు మిల్లులో దూదినుండి గింజ వేఱగునట్లు, తీవ్రోష్ణమందలి తాకిడులచే పరమాణువునుండి ఎలక్ట్రానులు వేఱగును. ఎన్ని వేఱైనవో యెఱిగినచో, ఎంత వేడిమి సోకినదో ఊహింపవచ్చును. 1940 ప్రాంతమున స్వీడను దేశీయుడగు ఎడ్లెన్, ఆ ఆకుపచ్చగీత పదుమూడు ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుమునదని తేల్చుటతో, సూర్యుని ఉపరితలము సుమారు 5,500 డిగ్రీల వేడి గలదై యుండగా, దానిపైనున్న కిరీటము పదిలక్షల డిగ్రీలను మించునని లోకమునకు విదితమయ్యెను.

1980 ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నమున మఱియొక ఛాయ గదగు, రాయచూరు సీమల మీదుగా, హైదరాబాదు చెంతనున్న ఉస్మానియావారి రంగాపురము వేధశాలను దాటి యేగెను. వైను బప్పు నేతృత్వమున బెంగుళూరు శాస్త్రజ్ఞులు తుంగభద్రకు ఆవల, రాయచూరు మండలమందలి జవళగేరయందును, గదగు సమీపమునను శిబిరములు వేసిరి. బప్పును, ఆయన సహచరులును ఆ గ్రహణమున తొమ్మిది ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుముయొక్క ఎఱ్ఱగీతను పరిశీలించి, కిరీటపు వేడిమిని, చలనములను విచారించిరి.

ఇది కాంతి తెచ్చిన వార్త. సూర్యవిస్ఫోటములందు కణములే స్వయముగా మహావేగమున మనవైపు వచ్చును. విరళమైన ఆకాశమున మఱల ఎలక్ట్రానులను గ్రహించు నవకాశము మిక్కిలి స్వల్పమగుటచే, ప్రతి అయానును తన జన్మస్థానపు సాక్ష్యమును, కోల్పోయిన ఎలక్ట్రానుల సంఖ్యను దెలుపు విద్యుదావేశరూపమున మోసికొనివచ్చును. అల్పకాలిక విస్ఫోటములనుండి వచ్చు ఇనుము ఇంచుమించు ఇరువది ఎలక్ట్రానులను కోల్పోయియుండగా, ఆఘాతతరంగములు తఱిమికొనివచ్చు ఇనుము సామాన్యముగా పది మొదలు పదునాలుగువఱకే కోల్పోయియుండును. 1985లో అమెరికా వ్యోమనౌకలో పయనించిన భారతీయ యంత్రము ‘అనురాధ’ విశ్వకిరణముల అయాన్లను పరీక్షించెను. 1992లో ఎగిరిన ‘సాంపెక్స్’ ఉపగ్రహము భూమి అయస్కాంతక్షేత్రమునే సాధనముగా గొని సౌరకణముల ఆవేశమును కొలిచెను. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోటనుండి వెడలిన ఆదిత్య-ఎల్1 సౌరకణముల పరిశీలనను నేడును సాగించుచున్నది.

1980లో భయముచే తలుపులు మూసికొని, ఆ దృశ్యమును చూడనివారు దేశమున అనేకులు. ఆదోని, ఎమ్మిగనూరు ఉపాధ్యాయులారా! ఇకముందు గ్రహణము వచ్చినపుడు బాలబాలికలను గదులలో నిర్బంధింపక, కన్నులకు తగిన రక్షణ గల్పించి, సూర్యుని చూపుడు. మన పొరుగున జరిగిన ఈ విజ్ఞానచరిత్రను వారికి బోధింపుడు.