కొల్లేటి గట్లు



దండి మహాకవి దశకుమారచరితం చదివినవారికి మంత్రగుప్తుని కథ గుర్తుండే ఉంటుంది. ప్రియురాలి దంతక్షతం వలన పెదవి నొచ్చిన ఆ కుమారుడు తన వృత్తాంతమంతా ఓష్ఠ్యాక్షరాలు లేకుండా చెబుతాడు. ఆ కథలో ఆంధ్రనగరం చేరువన ఒక మహాసరస్సు వస్తుంది. ఆ నగరం వేంగి అనీ, ఆ సరస్సు మన కొల్లేరనీ చరిత్రకారులు పలువురు భావించారు. నిరోష్ఠ్య రచనకు ఉదాహరణగా ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా, కొల్లేటి ఒడ్డున పుట్టినవాణ్ణి గనుక, నాలో కొంత గర్వం తొంగిచూసేది. ఆ గర్వంలో నాకెంత హక్కున్నదో తరువాత మనవి చేస్తాను.

కొల్లేటి నీటిపై మనిషి చేయి పడటం నేటి ముచ్చట కాదు. కొల్లేటికోటలో గజపతుల సైన్యం ఉండగా, శత్రు సేనాని చిగురుకోట వద్ద విడిసి, సరస్సులోని నీరు సముద్రానికి పోయేటట్లు ఉప్పుటేటి వైపు కాలువ తవ్వించాడని స్థలైతిహ్యం. కోటలోని సేనాని తన కూతురినే బలి ఇచ్చాడనీ, అందువలననే ఆ కాలువకు పేరంటాలకనుమ అని పేరు వచ్చిందనీ చెబుతారు. కథలో చరిత్ర ఎంతైనా కానీయండి, కొల్లేటిని గెలవాలంటే నీటి దారి మార్చాలన్న సంగతి మాత్రం పూర్వులకు తెలుసు.

ఆ నీటి దారి ఇది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లపు భూమిలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు తెచ్చే వరదను తనలో పట్టుకొని, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేటి గుండా నిదానంగా సముద్రానికి విడిచిపెడుతుంది. వేసవిలో మట్టం తగ్గితే ఉప్పునీరు అదే దారిన పైకి ఎగదన్నుతుంది. 1852లో గోదావరిపై, 1855లో కృష్ణపై ఆనకట్టలు పూర్తయిన తరువాత పొలాల మురుగునీరు కూడా ఇందులోకే చేరసాగింది.

1970ల మధ్యలో ప్రభుత్వం పేదలకు జీవనోపాధి కల్పించే సదుద్దేశంతో సహకార సంఘాలకు సరస్సులో చేపల చెరువులు తవ్వుకోవడానికి భూములిచ్చింది. అప్పుడు నేను భాషాప్రవీణలో చేరబోతున్న కుర్రవాణ్ణి. దస్తూరి బాగుంటుందని మా ఊరి జాలరులు అర్జీలు నాచేత వ్రాయించుకున్నారు. "తమ దయగల చిత్తమునకు విన్నవించుకొనునది" అంటూ ఎన్ని అర్జీలు వ్రాశానో లెక్క లేదు. దశాబ్దం గడిచేసరికి చెరువులు చాలావరకు కౌలు రూపంలో డబ్బున్నవారి చేతికి పోయాయి. నేనెవరికోసం అర్జీ వ్రాశానో వారు ఆ చెరువుల మీదనే కూలికి కుదిరారు. 2001 నాటికి సరస్సులో సుమారు నూరు చదరపు కిలోమీటర్లు చెరువులకింద పోయింది. ప్రతి చెరువుకూ గట్టు, ప్రతి గట్టూ వరదకు అడ్డు.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో కొల్లేటికి చోటు దక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు పొక్లెయిన్లతో గట్లు కొట్టివేశారు. దానినే ఆపరేషన్ కొల్లేరు అన్నారు. ఆ వార్త విని నేను సంతోషించిన మాట నిజం. ఆ వారంలోనే నా దగ్గర చదువుకున్న ఒక జాలరి పిల్లవాని తండ్రి వచ్చి, "కొల్లేరు బాగుపడుతుందంటున్నారు, మంచిదే మాస్టారూ, రేపటినుంచి మేమేం తినాలి?" అన్నాడు. వ్యాకరణం చెప్పే నోటికి ఆనాడు జవాబు రాలేదు.

కొట్టిన గట్లు క్రమంగా చాలాచోట్ల మళ్ళీ లేచాయి. 2008లో అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం అందుకు సమ్మతించలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరు కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. సరస్సుకు తన చోటు లేకపోతే వరద మనుషుల చోటు వెతుక్కుంటుంది.

పునరుద్ధరణ అంటే గట్టు కొట్టడమొక్కటే కాదని ఇప్పుడు నా అభిప్రాయం. పైనుంచి వచ్చే పట్టణాల మురుగును శుభ్రపరచాలి. ఉప్పుటేటి పూడిక తీయాలి. అన్నిటికంటె ముందు, వలవేసి బ్రతికే కుటుంబానికి గట్టు లేని కొల్లేటిలోనే బ్రతుకు దొరికేటట్లు చూడాలి. అది లేకనే 2006 నాటి మంచి పని నిలువలేదు.

ఆటపాకలో నేటికీ గూడబాతులు గూళ్ళు కడుతున్నవి. వాటి తరఫున అర్జీ వ్రాసేవాడు లేడు. ఒకప్పుడు గట్ల కోసం అర్జీలు వ్రాసిన చేతితోనే ఈ నాలుగు మాటలూ వ్రాశాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.