పట్టికలో నిలిచిన చిరునామా: డీహెచ్‌సీపీ స్థిర కేటాయింపుల పూర్వచరిత్ర

నెట్‌వర్క్ సరిహద్దులో కాపలా ఉండే ఫైర్‌వాల్‌లోని డీహెచ్‌సీపీ సేవ ద్వారా ప్రింటరుకో, కెమెరాకో, సర్వరుకో ఎప్పటికీ మారని ఐపీ అడ్రస్‌ను కేటాయించే పద్ధతిని నేటి నిర్వాహకులు సాధారణ నియమానికి మినహాయింపుగా భావిస్తారు. చరిత్ర క్రమం దీనికి సరిగ్గా విరుద్ధం: స్థిరమైన కేటాయింపే మొదట పుట్టింది, మారే చిరునామాలు దానికి చేర్పుగా తరువాత వచ్చాయి.

ఇంటర్నెట్ ప్రమాణాలను నమోదు చేసే ఆర్‌ఎఫ్‌సీ పత్రాలలో 791వది 1981 సెప్టెంబరులో వెలువడి, ఐపీ అడ్రస్ 32 బిట్ల సంఖ్యగా ఉండాలని నిర్దేశించింది. ఆ సంఖ్య యంత్రానికి ఎలా తెలియాలన్నది మాత్రం దాని పరిధిలోకి రాలేదు. నిర్వాహకుడు ఒక్కో కంప్యూటర్‌లో దానిని స్వయంగా నమోదు చేసేవాడు. అయితే ఆ దశకంలో విశ్వవిద్యాలయాలలో ప్రవేశించిన డిస్కు లేని వర్క్‌స్టేషన్లకు ఈ పద్ధతి పనికిరాలేదు, ఎందుకంటే విద్యుత్తు ఆపగానే తమ చిరునామాను దాచుకునే చోటే వాటికి లేదు. వాటి దగ్గర మిగిలేది నెట్‌వర్క్ కార్డులో తయారీనాడే స్థిరపరచిన 48 బిట్ల హార్డ్‌వేర్ సంఖ్య, అంటే మ్యాక్ అడ్రస్, ఒక్కటే.

ఈ సంఖ్య వెనుక లోతైన ఆలోచన ఉంది. జిరాక్స్ సంస్థలో ఎథర్నెట్‌ను తీర్చిదిద్దినవారిలో ఒకరైన, ఐఐటీ బొంబాయి పట్టభద్రుడు యోగెన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్‌తో కలిసి 1981లో రాసిన పత్రంలో, యంత్రం ఏ తీగకు తగిలించి ఉన్నా దాని గుర్తింపు మారకూడదనీ, అందుకు ప్రపంచమంతటా పునరావృతం కాని సంఖ్య కావాలనీ వాదించారు. స్థిర కేటాయింపుల చరిత్ర అంతా ఈ ప్రతిపాదన మీదే ఆధారపడిందనడం అతిశయోక్తి కాదు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1984 జూన్‌లో ప్రకటించిన ఆర్‌ఏఆర్‌పీ అనే పద్ధతి ఈ గుర్తింపును మొదట వినియోగించుకుంది: యంత్రం తన మ్యాక్ అడ్రస్‌ను నెట్‌వర్క్ అంతటికీ ప్రకటిస్తే, సర్వర్ తన పట్టికలో వెదికి, దానికి ఎదురుగా రాసి ఉన్న ఐపీ అడ్రస్‌ను తెలిపేది. కానీ ఆ సందేశం రౌటర్‌ను దాటలేదు కనుక ప్రతి విభాగంలోనూ ఒక సర్వర్ అవసరమయ్యేది. బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ 1985 సెప్టెంబరులో రూపొందించిన బూట్‌పీ ఆ ఇబ్బందిని తొలగించి, మధ్యవర్తి యంత్రం ద్వారా అభ్యర్థనను దూరపు సర్వర్‌కు చేరవేసే మార్గాన్ని కల్పించింది. అయినా పట్టిక పట్టికగానే ఉండిపోయింది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ నిర్వాహకుడు అందులో ఒక వరుస చేర్చవలసిందే.

వ్యక్తిగత కంప్యూటర్లు పెరిగి, వాటిని ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడం మొదలయ్యాక ఈ భారం భరించరానిదైంది. బక్‌నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ రచించిన డీహెచ్‌సీపీ ప్రమాణం 1993 అక్టోబరులో వెలువడి, 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2131గా స్థిరపడింది. చిరునామాను కౌలు భూమిలా గడువు పెట్టి ఇవ్వడం, గడువులో సగం గడిచేసరికి యంత్రమే పొడిగింపు కోరడం, కోరకపోతే దానిని వేరొకరికి ఇవ్వడం దీని ప్రధాన సూత్రం. డ్రోమ్స్ చేసిన దూరదృష్టి గల నిర్ణయం మరొకటి ఉంది. ఆయన పాత పద్ధతిని కొట్టివేయలేదు. బూట్‌పీ సందేశ రూపాన్నీ, 67, 68 పోర్టులనూ అలాగే నిలిపి, గడువు లేని స్వయంచాలక కేటాయింపు, గడువుతో కూడిన కేటాయింపు, నిర్వాహకుడు స్వయంగా నిర్ణయించే కేటాయింపు అనే మూడింటికీ చోటిచ్చాడు. నేటి స్థిర కేటాయింపు ఈ మూడవదే.

ఈ సేవ ఫైర్‌వాల్‌లోకి చేరడానికి కారణం చిరునామాల కొరత. బయటి ఇంటర్నెట్‌లో చెల్లని 10, 172.16, 192.168 శ్రేణులను 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 ఖరారు చేయడంతో, లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే సరిహద్దు యంత్రమే వాటిని పంచిపెట్టే యంత్రం కూడా అయింది. మాన్యుయెల్ కాస్పర్ 2003లో ఆరంభించిన మోనోవాల్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, దాని నుంచి 2004లో చీలిన పీఎఫ్‌సెన్స్ ఈ రెండు పనులనూ ఒకే వెబ్ తెరపైకి తెచ్చాయి. ఫైర్‌వాల్ నియమాలు సాధారణంగా ఐపీ అడ్రస్‌ను బట్టి అనుమతినో నిషేధాన్నో నిర్ణయిస్తాయి కనుక, పరికరం చిరునామా మారితే నియమం మరో పరికరానికి వర్తించే ప్రమాదం ఉంది. అందుకే 192.168.1.100 నుంచి 199 వరకు గడువు చిరునామాలకు విడిచిపెట్టి, 100కు దిగువన స్థిర చిరునామాలు ఇచ్చే అలవాటు ఏర్పడింది. మ్యాక్ అడ్రస్‌ను సాఫ్ట్‌వేర్‌తో మార్చవచ్చు కాబట్టి ఈ పట్టిక పరిపాలనా సాధనమే తప్ప, భద్రతకు హామీ కాదు.

దలాల్, ప్రింటిస్ ప్రతిపాదించిన మారని గుర్తింపే చివరకు వినియోగదారుల కదలికలను వెంబడించే సాధనంగా మారింది. దానిని అడ్డుకోవడానికి 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో వైఫై నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్‌ను చూపడం మొదలుపెట్టాయి. ఈ మార్పు న్యాయమైనదే. కానీ ఫోనుకు స్థిర చిరునామా ఇవ్వదలచిన నిర్వాహకుడు ఇప్పుడు ముందుగా ఆ ఫోనులోనే, తన నెట్‌వర్క్ వరకు, కల్పిత సంఖ్య సదుపాయాన్ని ఆపించి, ఆ తరువాతే పట్టికలో వరుస చేర్చవలసి వస్తోంది.