ఫ్రీక్వెంట్ ఫ్లయర్ పథకాలు

తమ విమానాల్లో తరచుగా ప్రయాణించేవారికి విమానయాన సంస్థలు మైళ్లు లేదా పాయింట్లు జమకట్టి, వాటికి ఉచిత టికెట్లు, పై తరగతి సీట్లు, లాంజ్ ప్రవేశం వంటి సౌకర్యాలు ఇచ్చే ఏర్పాటును ఫ్రీక్వెంట్ ఫ్లయర్ పథకం అంటారు. ఖాతాలో పడిన మైళ్లను ప్రయాణికుడు తన సొమ్ముగా భావించడం సహజం. కానీ అవి విమాన సంస్థ సొంతంగా అచ్చువేసుకునే నోట్లు. వాటి విలువ ఎంతో, అవి ఎంతకాలం చెల్లుతాయో ఆ సంస్థే నిర్ణయిస్తుంది. ఈ పథకాల చరిత్ర అంతా ఆ అధికారం చుట్టూనే తిరిగింది.

1978 దాకా అమెరికాలో ఏ మార్గంలో ఎవరు విమానం నడపాలో, టికెట్ ఎంతకు అమ్మాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు చెప్పేది. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన చట్టం ఆ నియంత్రణను ఎత్తేసింది. చవక ఛార్జీల పోటీ మొదలై పాత సంస్థల ప్రయాణికులు చేజారసాగారు. రాబర్ట్ క్రాండల్ అధ్యక్షుడిగా ఉన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ పథకాన్ని ప్రారంభించింది. తరచుగా ఎగిరేవారు ఎవరో తెలుసుకోవడానికి తన రిజర్వేషన్ కంప్యూటర్ సేబర్‌ను గాలించి, బుకింగుల్లో మళ్లీమళ్లీ కనబడుతున్న ఫోన్ నంబర్లను పట్టుకుని, సుమారు లక్షన్నర మంది జాబితా తయారుచేసింది. రోజుల వ్యవధిలోనే యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌తో పోటీకి దిగింది. మిగతా పెద్ద సంస్థలూ వెనకే వచ్చాయి.

ఆలోచన చాలా తెలివైనది. ఖాళీగా ఎగిరిపోయిన సీటు మళ్లీ అమ్ముడుపోదు. దాన్ని మైళ్లకు ఇస్తే సంస్థకు అయ్యే అదనపు ఖర్చు కొద్దిపాటి ఇంధనం, ఒక భోజనం. పైగా ఉద్యోగ పనిమీద తిరిగేవారి టికెట్‌కు డబ్బు కట్టేది కంపెనీ, మైళ్లు దక్కేది ఉద్యోగికి. కాబట్టి ఛార్జీ కాస్త ఎక్కువైనా అతను అదే విమానం ఎక్కుతాడు. మైళ్ల సీట్లు పండగలకూ వేసవి సెలవులకూ దొరకకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: డబ్బుకు అమ్ముడుపోయే సీటును సంస్థ మైళ్లకు వదులుకోదు. దొరికిన ‘ఉచిత’ టికెట్‌కు కూడా పన్నులు, కొన్నిచోట్ల భారీ సర్‌చార్జీలు చేతినుంచే కట్టాలి.

1987లో సిటీబ్యాంక్ అడ్వాంటేజ్ క్రెడిట్ కార్డు రావడంతో లెక్క మారిపోయింది. బ్యాంకులు విమాన సంస్థల దగ్గర మైళ్లు టోకున కొని తమ ఖాతాదారులకు పంచడం మొదలుపెట్టాయి. విమానం ఎక్కకుండానే, కిరాణా బిల్లు కట్టి మైళ్లు పోగుచేసుకునే రోజులు వచ్చాయి. 1999లో కాలిఫోర్నియా ఇంజినీరు ఒకాయన, ఒక ఆహార కంపెనీ ఇచ్చిన మైళ్ల ఆఫర్‌ను లెక్కగట్టి, దాదాపు 3,140 డాలర్లతో 12,150 పుడ్డింగ్ కప్పులు కొని 12 లక్షలకు పైగా మైళ్లు సంపాదించాడు. సంస్థలకు ఇందులో వచ్చిన లాభం ఎంతటిదో కోవిడ్ కాలంలో బయటపడింది. 2020లో విమానాలు నేలమీద నిలిచిపోయినప్పుడు యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ను తాకట్టుపెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా తన స్కైమైల్స్‌తో 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి.

ప్రయాణికుడి వైపు మాత్రం మైలు తరుగుతూనే వచ్చింది. 2015 జనవరి నుంచి డెల్టా దూరాన్ని వదిలి, చెల్లించిన డబ్బును బట్టి మైళ్లివ్వడం మొదలుపెట్టింది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు దూరం 2,475 మైళ్లు. అంతకుముందు మామూలు సభ్యుడికి దాదాపు అన్ని మైళ్లూ జమయ్యేవి. కొత్త లెక్కలో డాలర్‌కు 5 చొప్పున, పన్నులు పోను 200 డాలర్ల టికెట్‌కు వచ్చేవి వెయ్యి. అదే ఏడాది యునైటెడ్, 2016లో అమెరికన్ ఆ దారే పట్టాయి. ఈ మార్పులను కోర్టులో నిలదీయడమూ కష్టమే. సభ్యత్వం రద్దయిన ఒక ప్రయాణికుడు నార్త్‌వెస్ట్ విమాన సంస్థపై వేసిన దావాలో, 1978 చట్టం అలాంటి వాదనకు అడ్డొస్తుందని 2014లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ప్రయాణికుడి మేలు కోసం పోటీని తెచ్చిన చట్టమే అతని ఫిర్యాదుకు అడ్డుగోడ కావడం అన్యాయమే.

1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్ అనే విమాన సంస్థల కూటములు ఏర్పడ్డాక ఒక సంస్థలో ఎగిరి మరో సంస్థ ఖాతాలో మైళ్లు వేయించుకోవడం మరింత సులువైంది. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్లే ప్రయాణికుడు ఖతార్ ఎయిర్‌వేస్ మైళ్లను అడ్వాంటేజ్‌లో జమ చేయించుకోవచ్చు. అయితే ఒక ప్రయాణానికి ఒక ఖాతాలోనే జమ, అదీ ఎక్కినవారి పేరుమీదే. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు విడిగా సభ్యత్వం ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఖాతాలో పొడి అక్షరంగా ఉంటే మైళ్లు పడకపోవచ్చు, కాబట్టి రెండింటిలోనూ పేరు ఒకేలా ఉండేట్టు ముందే సరిచేసుకోవాలి.

భారతదేశంలో జెట్ ఎయిర్‌వేస్ నడిపిన జెట్‌ప్రివిలేజ్ కథ అన్నిటికన్నా విశేషమైనది. 2014లో దాన్ని వేరే కంపెనీగా విడదీసి 50.1 శాతం వాటాను ఎతిహాద్ విమాన సంస్థకు అమ్మారు. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి, పథకం మాత్రం ఆగలేదు. అదే ఏడాది నవంబరులో ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని, ఇతర సంస్థల టికెట్లకూ హోటళ్లకూ మైళ్లు వాడుకునే వీలు కల్పించింది. ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్ 2024లో ఖర్చు ఆధారిత లెక్కకు మారింది. ఆ ఏడాది నవంబరు 12న విస్తారా విమాన సంస్థ ఎయిర్ ఇండియాలో విలీనమైనప్పుడు ఈ పథకం మహారాజా క్లబ్ అయింది, విస్తారా పథకమైన క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున అందులోకి మారాయి. ఎన్నో ఏళ్లు ఇలాంటి పథకమేదీ లేకుండానే దేశంలో అతిపెద్ద సంస్థగా ఎదిగిన ఇండిగో కూడా 2024లోనే బ్లూచిప్‌ను తెచ్చింది.