మన పైసలు, వారం అప్పు
1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర సాగర్ డ్యాముకు పునాది పడింది. నీళ్లు కాల్వల వెంట పోయాయి. మిట్టమీది మన తండాలకు షావుకారి అప్పు తప్పలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు పుట్టింది. మన తల్లులూ సంఘం కట్టారు. ఎవరికెంత ఇవ్వాలో తామే కూర్చుని తేల్చేవారు గనుక అవి వాళ్లకు 'మన పైసలు'.

తర్వాత గుంపు పేరుతోనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. వారం వారం కిస్తీ; ఒకరు ఆగితే గుంపంతా కట్టాలి. ఆపదలో ఆదుకున్న గుంపే గుమ్మం ముందు నిలదీసింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఇంటిమీది వసూళ్లను ఆపి, నెల కిస్తీ పెట్టింది.

రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. సంఘం పుస్తకం తల్లులకు చదివి వినిపిద్దాం. లెక్క రాయడం వాళ్లకే నేర్పుదాం.