ఖానగీ బడి నుండి కమిటీ వరకు: పాఠ్యక్రమమున ప్రజల పాత్ర

హైదరాబాదు నగరమున బేగంపేటలో 1923వ సంవత్సరమున జాగీర్దారుల కళాశాల వెలసినది. ఇంగ్లండులోని ఈటన్ వంటి విద్యాలయములను ఆదర్శముగా గైకొని, జాగీర్దారుల కుమారులకు విద్య గరపుటకై ఏడవ నిజాము కాలమున ఏర్పడిన సంస్థ యది. పేరునకు కళాశాలయే గాని నిజమునకు పాఠశాల. 1949లో జాగీర్లు రద్దయిన పిదప, 1951లో, అది హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారి ఇతరులకును ద్వారములు తెరచినది. అచ్చట ఏమి బోధింపవలెను, ఏ భాషలో బోధింపవలెను అని చుట్టుపట్ల ప్రజలను అడుగవలసిన పని లేకుండెను. అది వారి బిడ్డల బడి కాదు. కాని ఆ దశకమందే, ఆ నగరమందే, తమ బిడ్డల చదువును తామే రూపొందించుకొన యత్నించిన వారు కలరు. వారి యత్నము ఎంతవరకు సాగెను, దాని వారసత్వము నేడు ఏ రూపమున నున్నది అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

సంస్థాన జనాభాలో ఇంచుమించు సగము మంది తెలుగువారు. రాజభాష ఉర్దూ, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. దేశభాషలలో ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించిన గొప్ప ప్రయోగమది యనుటలో సందేహము లేదు. అయితే ఆ దేశభాష అధికసంఖ్యాకుల భాష కాకపోయెను. తెలుగుచదువు గ్రామములందలి ఖానగీ బడులను ఆశ్రయించి బ్రదికినది. గ్రామస్థులే పంతులును కుదుర్చుకొని, ధాన్యమో రొక్కమో ముట్టజెప్పుచుండిరి. గుణింతము, ఎక్కములు, శతకపద్యములు, లెక్కలు, దస్తావేజు చదువుట, ఇదియే పాఠ్యక్రమము. దీనిని ఆదర్శమని పొగడుట తగదు. బాలికలకును, అంటరానివారుగా నెంచబడిన కులముల బిడ్డలకును అందు తావు మిక్కిలి అరుదు. “ప్రజల బడి” అనునపుడు ఏ ప్రజలు అను ప్రశ్నను పరిశోధకుడు మరువరాదు. అయినను ఏమి నేర్పవలెనో నిర్ణయించునది ఆ ఊరే.

1924లో ప్రభుత్వము ఖానగీ పాఠశాలలపై నిబంధనలు విధించినది. ముందుగా అనుమతి పొందనిదే బడి తెరువరాదు. నాలుగువేలకు పైబడియుండిన ఖానగీ బడుల సంఖ్య కొలదియేండ్లలోనే వేయింటి దరికి దిగెను. ఆ నిబంధనలను రద్దు చేయుమనియు, ప్రాథమికవిద్యను మాతృభాషలో నేర్పుమనియు ఆంధ్రోద్యమ నాయకులు మరల మరల కోరిరి. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్రమహాసభలలో విద్య ప్రధానవిషయములలో నొకటిగా నుండెను.

విన్నపములకంటె విలువైన సాక్ష్యము మఱియొకటి కలదు. మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన ఆంధ్ర బాలికా పాఠశాల యది. నేడది వారి పేరనే నారాయణగూడలో నున్నది. తెలుగు బోధనభాషగా బాలికలకు ఉన్నతపాఠశాల నడుపవలెనని వారి సంకల్పము. భవనము, విరాళములు, ఉపాధ్యాయినులు, ఇవన్నియు శ్రమపడిన సమకూరునవి. సమకూరనిది పరీక్ష. తెలుగున చదివిన బాలికలకు ఉస్మానియా గుర్తింపు లభింపలేదు. అప్పుడు మాడపాటివారు మాతృభాషాబోధనమును సూత్రముగా గొన్న కార్వే మహాశయుని మహిళా విద్యాపీఠమును ఆశ్రయించి, పాఠశాలను దానికి అనుబంధించిరి. తమ నగరమున విశ్వవిద్యాలయ ముండగా హైదరాబాదు బాలికలు పూనావారి పరీక్షకు కూర్చుండవలసివచ్చెను!

ఇందొక చిత్రమైన సంబంధము గలదు. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా శ్రోతలు అల్లరిచేసి ఆపిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ సభకు అధ్యక్షుడు ఈ కార్వేయే.

ఈ ఘటనయందు నాకు ముఖ్యముగా దోచునది యిది. బడిని కట్టుట, నడుపుట ప్రజల చేతిలోనిదే. కాని పరీక్షపై అధికారము లేనిచో చదువుపై అధికారము సగమే.

తరువాతి చరిత్రను క్లుప్తముగా జెప్పవచ్చును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో పాఠశాలా విద్యలో ప్రజల భాగస్వామ్యమునకై ఒక చట్టము చేసినది. తలిదండ్రులు ఎన్నుకొను పాఠశాల కమిటీలు వచ్చినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులకును, సగము స్థానములు స్త్రీలకును ఇచ్చినది. పాతబడి మూసియుంచిన ద్వారము ఇచ్చట తెరువబడినది. ఇది చిన్నమార్పు కాదు. కాని చట్టమును శ్రద్ధగా చదివినచో, కమిటీకి అప్పగించినది బడి పనితీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, నిధుల వినియోగమును చూచుట. పాఠ్యక్రమమును, మూల్యాంకన పద్ధతిని నిర్ణయించుట 29వ విభాగము ప్రకారము ప్రభుత్వము నియమించిన విద్యాధికారసంస్థకే చెందును. బోధనభాష సాధ్యమైనంతవరకు మాతృభాషగా నుండవలెననియు ఆ విభాగమే చెప్పుచున్నది.

2022లో తెలంగాణ ప్రభుత్వము “మన ఊరు, మన బడి” పథకమును ఆరంభించి, ఆ విద్యాసంవత్సరమునుండియే ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషు మీడియమును ప్రవేశపెట్టినది. పాఠ్యపుస్తకములు ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు గలవిగా అచ్చైనవి. దీనిని పైనుండి రుద్దిన మార్పని కొట్టివేయుట సరికాదు. తలిదండ్రులనేకులు ఇంగ్లీషునే కోరుచున్నారు. ఫీజులకై అప్పుచేసియైనను ఖానగీ బడులకు బిడ్డలను పంపుచున్నారు. 1928లో తెలుగుకొరకు పోరాడిన వారి కోరికయు, నేడు ఇంగ్లీషుకొరకు ఆరాటపడువారి కోరికయు మూలమున ఒక్కటే: తమ బిడ్డ పరీక్ష దాటవలెను, ఉద్యోగమునకు అర్హత పొందవలెను. భేదమెచ్చట ననగా, నాటివారు తమ కోరికను తామే పాఠశాలగా నిర్మించిరి. నేటివారు తమ కోరికను ఫీజుగా చెల్లించుచున్నారు.

ఆంధ్రజనసంఘ చరిత్రపై పనిచేయు విద్యార్థులు నాయకుల స్వీయచరిత్రలనే ఎక్కువగా పరిశీలించుచున్నారు. పాఠశాల కమిటీల తీర్మానపుస్తకములు ఇంకను బడుల బీరువాలలోనే యున్నవి. చెదలు పట్టకమునుపే, కనీసము ఒక్క మండలమున, వానిని చదివి, తలిదండ్రులు బోధనవిషయమున ఎన్నడైన నోరువిప్పిరా, విప్పినచో ఏమనిరి అని తేల్చవలసియున్నది.