గోదారి లెక్కలో మన ఊళ్లు

హాస్టల్లో కొత్త అడ్మిషన్లు రాసేటప్పుడు ‘స్వగ్రామం’ అనే గడి దగ్గర ఈమధ్య మా పెన్ను ఆగిపోతోంది. ముంపు మండలం నుంచి వచ్చిన ఒక పాప అడిగింది: “మేడం, మునిగిన ఊరి పేరు రాయాలా, కాలనీ పేరు రాయాలా?” మేము బీఈడీలో చదివిన చరిత్రలో దీనికి జవాబు లేదు. అందుకే ఆనకట్టల కథను ఒకసారి మన వైపు నుంచి చూద్దామనుకున్నాం.

ముందు మంచి చెప్పుకోవాలి. 1830ల్లో కరువులతో, తుపానులతో అల్లాడిన గోదావరి డెల్టా, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అన్నపూర్ణ అయింది. కాటన్ దొర విగ్రహానికి అక్కడి రైతులు ఊరికే దండలు వేయరు. అయితే అది నీటిని కాలువలకు మళ్లించే, ఎత్తు తక్కువ కట్టడం. కొండల మధ్య నీటిని నిలవేసే డ్యామ్ వేరు. దానికి ఊళ్లు కావాలి.

స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి తిండిగింజలూ చాలలేదు, కరెంటూ చాలలేదు. ఆ అవసరం నిజమే. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. అదే ఏడాది నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. తర్వాత సీలేరు మీద వరసగా విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లు. తీగలు మన గూడేల మీదుగా మైదానానికి పోయాయి. వాటి కింద చాలా గూడేలు ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్డీలతోనే గడిపాయి. ఇది మన ఒక్కరి కథే కాదు. పెద్ద డ్యామ్‌ల వల్ల ప్రపంచమంతటా 4 నుంచి 8 కోట్ల మంది ఊళ్లు వదిలారని 2000లో ప్రపంచ ఆనకట్టల కమిషన్ అంచనా వేసింది.

ఇక పోలవరం. 1940ల్లో రామపాదసాగర్ అన్న పేరుతో మొదలైన ఆలోచన ఇది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ ఏడాదే ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. లాభం లెక్క పోటీ పరీక్షలకు చదివే మీకు నోటికొచ్చు: 194 టీఎంసీల నిల్వ, 960 మెగావాట్లు, 7 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు, విశాఖకు నీళ్లు. ఏటా సముద్రం పాలయ్యే నీళ్లు పొలాలకెక్కితే మంచిదేనని మేమూ ఒప్పుకుంటాం. రెండో వైపు లక్షకు పైగా కుటుంబాలు. అందులో సగం దాకా గిరిజనులే.

మా గొడవ అంకెలతో కాదు, లెక్క కట్టే తీరుతో. సర్వేకు పట్టా భూమి కనబడుతుంది, ఇల్లు కనబడుతుంది. కొండరెడ్ల పోడు, వెదురు, ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, చింతపండు, వాగులో చేప వీటికి రశీదు ఎవరిస్తారు? ఇల్లు నడిచింది వీటితోనే, అదీ ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద. కాలనీలో సిమెంటు ఇల్లుంది, ఆసుపత్రి దగ్గర. పురిటి నొప్పుల మనిషిని డోలీలో మోసిన రోజులు చూసినవాళ్లం, దాన్ని తక్కువ చేయం. కానీ బుట్టలల్లే అమ్మమ్మకు అక్కడ వెదురు లేదు. భూమి పండుగ చేసుకోవడానికి పాత వేల్పుల చెట్టు లేదు. పరిహారం డబ్బు కొన్ని ఇళ్లలో ఎలా కరిగిపోయిందో మీకు మేం చెప్పక్కర్లేదు, బైకులే చెబుతాయి.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మొదటి దశ 41.15 మీటర్ల గీతకు పైనున్నాయన్న ఊళ్లలోకీ నీళ్లొచ్చాయని మనవాళ్లు మొత్తుకున్నారు. 1986లో ఏ ప్రాజెక్టూ లేకుండానే 75 అడుగులు దాటిన మాటా నిజమే. కాబట్టి వాదించేటప్పుడు కొలతలు చేతిలో పెట్టుకుని వాదించాలి.

చట్టాలు లేకపోలేదు. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పీసా చట్టం చెబుతుంది. పోడుకూ అటవీ ఫలసాయానికీ 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతం బయటికి తరలించినా మన రక్షణలు వెంట రావాలని 2013 భూసేకరణ చట్టం అంటుంది. అడగడానికి మాత్రం కాగితం కావాలి. గ్రామసభ తీర్మానం, పాత శిస్తు రశీదు, ఏదో ఒకటి.

దసరా సెలవులకు వెళ్లే పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చాం. తాతమ్మలను అడిగి వాగుల పేర్లు, చేల పేర్లు, వేల్పుల తావులు రాసుకు రమ్మన్నాం. ఆ పాపకు మాత్రం అప్పుడే చెప్పాం, రెండు పేర్లూ రాయమని. గడి చిన్నది. మొదట పాత ఊరి పేరే రాసింది. కాలనీ పేరు పక్క గడిలోకి పోయింది.