మోటారు సైకిల్ శిరస్త్రాణం: రూపకల్పనలో మారిన దృష్టి - ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
'శిరస్త్రాణం' అంటే తలను కాపాడేది. పత్రికాభాషలో హెల్మెట్‌కు సమానార్థకంగా స్థిరపడిన ఈ పదం వినగానే యుద్ధవీరుని లోహపు టోపీ స్ఫురిస్తుంది. ఆయుధపు దెబ్బను అడ్డుకోవడానికి గట్టిదనమే దాని ప్రధానగుణం. వాహనదారుల హెల్మెట్ కూడా ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమమనే భావన నేటికీ ఉంది. ఇరవయ్యో శతాబ్దపు రూపకల్పన చరిత్ర ఈ భావన అసంపూర్ణమని నిరూపించింది. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వైద్యుని పరిశీలన:
'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులోని డార్సెట్‌లో, సైకిళ్లపై వెళ్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిల్ మీది నుంచి పడిపోయారు. ఆయన తలపై హెల్మెట్ లేదు. ఆరు రోజుల తరువాత, 46వ ఏట మరణించారు. ఆయనను పరీక్షించిన వైద్యులలో నాడీశస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఒకరు.

రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యాక తొలి 21 నెలలలో బ్రిటన్‌లో 2,279 మంది మోటారు సైకిల్ చోదకులు, వెనుక కూర్చున్నవారు రోడ్డు ప్రమాదాలలో మరణించారని కెయిర్న్స్ 1941లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాశారు. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైనవారు ఆయనకు ఏడుగురే కనిపించారు. ఆ ఏడుగురూ బతికారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం విధుల్లో ఉన్న తన మోటారు సైకిల్ చోదకులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. పౌరులకు ఆ నిబంధన 1973లో గాని రాలేదు.

3. నలిగే పొర:
పడినప్పుడు తల ఒక్కసారిగా ఆగిపోతుంది. లోపలి మెదడు మాత్రం ఇంకా కదులుతూ పుర్రెగోడకు తాకుతుంది. గట్టి పైచిప్ప పుర్రె పగలకుండా చూడగలదు గాని, తల వేగాన్ని క్రమంగా తగ్గించలేదు. అందుకు కొంత దూరం, కొంత వ్యవధి కావాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ లొంబార్డ్, హెర్మన్ రోత్ తదితరులు, నలిగిపోతూ దెబ్బ శక్తిని గ్రహించే లోపలి పొర గల హెల్మెట్‌కు 1947లో పేటెంటు కోరారు. అది 1953లో లభించింది. మనం థర్మాకోల్ అనే పదార్థపు జాతికి చెందిన దట్టమైన నురుగే తరువాతి కాలంలో ఈ పొరగా స్థిరపడింది. ఒకసారి నలిగిన పొర మళ్లీ పూర్వస్థితికి రాదు. అందువల్ల తీవ్రమైన దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా దానిని మార్చవలసిందే.

4. మెలితిరిగే దెబ్బ:
తల గిర్రున తిరిగినప్పుడు మెదడుకు కలిగే హానిని ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త హోల్‌బోర్న్ 1943లోనే జెలటిన్ నమూనాల ద్వారా వివరించారు. అయినా హెల్మెట్ పరీక్షలు చాలాకాలం సూటిగా తగిలే దెబ్బనే కొలిచాయి. 1990ల ద్వితీయార్ధంలో స్వీడన్‌కు చెందిన హాన్స్ వాన్ హోల్స్ట్, పీటర్ హల్దీన్ హెల్మెట్‌లో స్వల్పంగా జారే పలుచని పొరను రూపొందించే కృషి ప్రారంభించారు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 22.06 నిబంధనలో ఏటవాలు దెబ్బ పరీక్ష చేరేసరికి హోల్‌బోర్న్ వివరణకు ముప్పావు శతాబ్దం దాటింది.

5. ముగింపు:
పుర్రెను కాపాడటం, మెదడు వేగాన్ని తగ్గించడం, దాని మెలికను నివారించడం - రూపకల్పన ఈ మూడు దశల్లో సాగింది. మన 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను నిర్వచిస్తూ, అది పట్టీతో తలకు గట్టిగా బిగించి ఉండాలని కూడా చెప్పింది. ద్విచక్రవాహనదారుల హెల్మెట్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి అయింది. లోపలి పొర లేని ప్లాస్టిక్ టోపీ, పట్టీ పెట్టుకోని హెల్మెట్, మోచేతికి తగిలించుకున్న హెల్మెట్ మన రోడ్లపై నిత్యం కనిపిస్తాయి. వీటిలో మొదటిది చలానాను తప్పించవచ్చు గాని, ఎనభై ఏళ్ల ఈ పరిశోధన ఫలితం దాన్ని ధరించినవారికి అందదు.